సర్వీసు పైపునకు కాపలా యెవరు?

పంచాయతీ సభ్యులకు విద్యుద్రక్షణ పాఠము

మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955 లో పనిచేయ నారంభించిన కాలమున మన పల్లెలకు విద్యుచ్ఛక్తి యొక వింత. గ్రామమున నొక వీధిలో పది దీపములు వెలిగిన నది పండుగ. 1969 లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ యేర్పడిన తరువాత పొలములలోని మోటార్లకును, 2017 లో ప్రారంభమైన సౌభాగ్య పథకముతో మిగిలిన పేదల యిండ్లకును కరెంటు చేరినది. నేడు దీపము లేని యిల్లు అరుదు. కరెంటు వచ్చినదా యని అడుగు దినములు గడచినవి. వచ్చిన కరెంటు క్షేమముగా వచ్చినదా యని అడుగవలసిన దినము లివి.

ఈ పాఠమున మేము చెప్పబూనిన విషయము చిన్నది. స్తంభము నుండి వచ్చిన కరెంటు తీగెలను ఇంటిలోనికి దించు ఇనుప గొట్టమును గూర్చినది. దీనిని మన గ్రామములలో సర్వీసు పైపు అందురు. గోడ నంటుకొని నిలిచి, పైకొన వంగియుండు ఈ గొట్టమును అందరును చూచియే యుందురు. దానిని గూర్చి యోచించినవారు తక్కువ. పిల్లలు దానిని పట్టుకొని ఆడుదురు. స్త్రీలు దానికి దండెము కట్టి తడిబట్ట లారవేయుదురు. గేదెను దానికి కట్టివేయువారును కలరు. ఇంటి వైరింగు నంతటిని ఫ్యూజులు కాపాడుచుండగా, ఈ గొట్టమునకు మాత్రము ఇంటిలోని యే ఫ్యూజును కాపలా కాదు. ఏల కాదో, దానికి కాపలా యేర్పరచుట యెట్లో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ప్రయోజనము.

కరెంటు వచ్చు త్రోవ

మొదట కరెంటు వచ్చు త్రోవను గమనింతము. గ్రామములోని ట్రాన్సుఫార్మరు నుండి వీధి స్తంభములపై తీగెలు సాగును. సామాన్యమైన యింటికి రెండు తీగెలు వచ్చును. ఒకటి ఫేజు, రెండవది న్యూట్రలు. ఫేజు తీగెకును భూమికిని నడుమ సుమారు 230 వోల్టుల ఒత్తిడి యుండును. న్యూట్రలు తీగె ట్రాన్సుఫార్మరు వద్ద భూమితో కలుపబడి యుండును. స్తంభమునుండి సర్వీసు తీగె, తనకు ఊతగా కట్టిన జి.ఐ. తీగెతో కూడి, ఇంటివైపునకు వచ్చి, సర్వీసు పైపు నోటిలో దూరి, గోడవెంట దిగి, విద్యుత్ సంస్థవారి కటౌటును, మీటరును దాటి, మెయిను స్విచ్చిని చేరును. మెయిను స్విచ్చి నుండి గదులకు, దీపములకు, మోటారునకు తీగెలు విడిపోవును.

ఫ్యూజు లుండు తావు కటౌటు, మెయిను స్విచ్చి. ఫ్యూజు తనకు దిగువనున్న తీగెలను మాత్రమే కాపాడగలదు. చెరువు తూము తలుపు మూసినచో దిగువ కాలువకు నీరాగును. ఎగువ నీరు మాత్రము తలుపు నానుకొని నిలిచియే యుండును. అట్లే మెయిను స్విచ్చి ఆపినను, ఫ్యూజు ఊడబెరికినను, సర్వీసు పైపులోని తీగెలో కరెంటు నిలిచియే యుండును. దానికి ఎగువనున్న ఫ్యూజు ట్రాన్సుఫార్మరు వద్దనే కలదు. ఆ ఫ్యూజు ఒక యింటికి పెట్టినది కాదు. వీధి కంతటికిని పెట్టినది. అది కరగవలెనన్న పదులు కాదు, ఒక్కొక్కచోట వందల ఆంపియరుల కరెంటు పారవలెను.

కావున సర్వీసు పైపు లోపల ఫేజు తీగె మీది తొడుగు చెడి, తీగె ఇనుమును తాకినచో, ఇంటిలో దీపములు ఎప్పటివలెనే వెలుగుచుండును, పంకా తిరుగుచుండును, ఏ ఫ్యూజును కరగదు. గొట్టము మాత్రము చూపునకు తెలియకుండ విద్యుత్తుతో నిండి నిలిచియుండును. దండెము కట్టిన తల్లి తడిచేతితో దానిని తాకువరకు ఆ సంగతి యెవరికిని తెలియదు.

తొడుగు చెడుట యెట్లు

సర్వీసు తీగె గాలికి నిత్యము ఊగుచుండును. పైపు నోటి యంచు నున్నగా లేనిచో అది తీగె తొడుగును కొంచెము కొంచెముగా కోయును. ఎండకు తొడుగు పగులును. పైపు నోరు ఆకాశమువైపు తిరిగియున్నచో వాన నీరు లోపల దిగును. తీగె చాలనప్పుడు రెండు ముక్కలు ముడివేసి, టేపు చుట్టి, ఆ ముడిని పైపులోనే దాచుట మరియొక దురభ్యాసము. టేపు ఊడిన నాడు ముడి ఇనుమును తాకును. సర్వీసు తీగెకు ఊతగా కట్టిన జి.ఐ. తీగెకు పింగాణీ రీలు లేకుండ తిన్నగా సర్వీసు పైపునకు చుట్టుటయు ప్రమాదకరమే. ఆ జి.ఐ. తీగెను సర్వీసు తీగె ఎక్కడ ఒరసికొన్నను, అచ్చటి విద్యుత్తు పైపునకు దిగును.

రేకుల యిండ్లలో ముప్పు మరియు నెక్కువ. సర్వీసు పైపు రేకుల కప్పును చీల్చుకొని పైకి పోవును, లేదా రేకును ఆనుకొని యుండును. పైపునకు విద్యుత్తు సోకినచో రేకులు, ఇనుప దూలములు, తలుపు చట్రము అన్నియు ఒక్కసారిగా విద్యుత్తుతో నిండును.

ఎర్తు, బాండింగు

ఈ ముప్పునకు విరుగుడు రెండు మాటలలో కలదు. అవి ఎర్తు, బాండింగు. రెండును ఒకటియే యని చాలమంది తలంతురు. అది సరికాదు.

ఎర్తు అనగా లోహపు భాగమును భూమితో కలుపుట. ఇందుకై ఇంటి గోడకు ఒకటిన్నర మీటరు దూరమునకు తక్కువ కాకుండ గొయ్యి తీసి, జి.ఐ. గొట్టమును గాని, రేకును గాని పాతుదురు. గొట్టమైనచో లోపలి వ్యాసము 38 మిల్లీమీటరులకును, పొడవు రెండున్నర మీటరులకును తక్కువ కారాదు. రేకైనచో 60 సెంటీమీటరుల చదరము గలది, జి.ఐ. దైన 6.3 మిల్లీమీటరుల మందము, రాగిదైన 3.15 మిల్లీమీటరుల మందము గలది కావలెను. నేల తేమ నిలుచుటకై చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయుట మనయొద్ద వాడుక.

బాండింగు అనగా లోహపు భాగముల నన్నిటిని, వాని నడుమ విద్యుత్తు అడ్డులేకుండ పారునట్లు, ఒకదానితో నొకటి గట్టిగా గూర్చుట. సర్వీసు పైపు, మీటరు నుంచిన ఇనుప పెట్టె, మెయిను స్విచ్చి పెట్టె, అచ్చటినుండి సాగు ఇనుప వైరింగు పైపు, మోటారు చట్రము — ఇవన్నియు ఒక్క లోహపు వస్తువు వలె ప్రవర్తింపవలెను. మాలలో పూవు లెన్ని యున్నను దారము ఒక్కటి. ఆ దారము ఒక్కచోట తెగినను మాల చెదరును. బాండింగు అట్టి దారము.

ఎర్తు గొయ్యి మంచిదై, బాండింగు చెడినచో గొయ్యి నిరుపయోగము. గొయ్యి యొక్కటియే యుండి, విద్యుత్ సంస్థవారి ఎర్తుతో సంబంధము లేనిచో సర్వీసు పైపు విషయమున అదియు చాలదు. ఈ రెండవ మాట చాలమందికి నూతనముగా తోచును. కావున లెక్క వేసి చూతము.

ఒక చిన్న లెక్క

ఒక యింటి ఎర్తు గొయ్యి నిరోధము 10 ఓము లనుకొందము. ట్రాన్సుఫార్మరు వద్ద న్యూట్రలు ఎర్తు నిరోధము 5 ఓము లనుకొందము. ఫేజు తీగె సర్వీసు పైపును తాకినచో విద్యుత్తు పైపు నుండి గొయ్యిలోనికి దిగి, నేలలో సాగి, ట్రాన్సుఫార్మరు ఎర్తు ద్వారా తిరిగి న్యూట్రలును చేరును. మొత్తము నిరోధము 15 ఓములు. 230 ని 15 చే భాగించిన వచ్చునది సుమారు 15 ఆంపియరులు.

ఈ 15 ఆంపియరులకు ట్రాన్సుఫార్మరు ఫ్యూజు కరగునా? కరగదు. ఇండ్లలో వాడు 15 ఆంపియరుల ఫ్యూజు తీగెయే త్వరగా కరుగుటకు దాదాపు రెండింతల కరెంటు కావలెను. వీధి కంతటికిని పెట్టిన ఫ్యూజు కదలనైన కదలదు. ఇంతలో పైపు మీద నిలిచియుండు ఒత్తిడి యెంత? 15.3 ఆంపియరులను 10 ఓములతో గుణింపుడు. 153 వోల్టులు! తడికాళ్లతో నిలిచిన మనిషి దేహ నిరోధము వేయి ఓము లనుకొన్నను, అతని దేహమున 150 మిల్లీ ఆంపియరుల కరెంటు పారును. ముప్పది మిల్లీ ఆంపియరులు దాటిన ప్రాణాపాయమని గ్రహించి, ప్రాణరక్షణ స్విచ్చులను ఆ కొలతకే తయారుచేయుచున్నారు. గొయ్యి యున్నదని ధైర్యముగా నుండుట యెంత పొరపాటో ఈ లెక్క తెలుపును.

ఇప్పుడు విద్యుత్ సంస్థవారు సర్వీసు వద్ద ఎర్తు టెర్మినలు నొకదానిని ఏర్పరచి, దానిని లోహపు తీగె ద్వారా ట్రాన్సుఫార్మరు న్యూట్రలు ఎర్తుతో కలిపి యుంచిరని అనుకొందము. మన సర్వీసు పైపును గట్టి తీగెతో ఆ టెర్మినలునకు బాండింగు చేసినాము. విద్యుత్తు నేలలో వెదకుకొనుచు పోనక్కరలేదు; ఇనుముమీదుగానే తిరిగిపోవును. ఆ త్రోవ మొత్తము నిరోధము ఒక్క ఓమైనచో 230 ఆంపియరులు ఒక్కసారిగా పారును. ఎగువ ఫ్యూజు కరగి లైను తెగును. వీధి దీపములారి ఇరుగుపొరుగువారు విసుగుకొందురు, లైనుమాను వచ్చి కారణము వెదకును, ప్రాణము నిలుచును.

అయితే ఆ చక్కని త్రోవలో ఒక్క కీలు తుప్పుపట్టి, ఆ కీలు వద్దనే 10 ఓముల నిరోధ మేర్పడిన దనుకొందము. మొత్తము 11 ఓములు. కరెంటు సుమారు 21 ఆంపియరులకు పడిపోవును. ఫ్యూజు కరగదు. పైపుమీద 200 వోల్టులకు మించిన ఒత్తిడి నిలుచును. వేల రూపాయలు వ్యయపరచి చేసిన యేర్పాటు నంతటిని ఒక్క తుప్పుపట్టిన నట్టు వమ్ము చేయును. బాండింగు విషయమున కీలు కీలును పరీక్షింపవలెనని మేము నొక్కి చెప్పుటకు కారణ మిదియే.

కీలు కీలుకు పరీక్ష

సర్వీసు పైపు మీటరు పెట్టెలోనికి దూరు చోట సామాన్యముగా ఒక చెక్‌నట్టు వేసి బిగింతురు. పైపు ఊడిపోకుండుటకు అది చాలును. విద్యుత్తు నిరాటంకముగా పారుటకు చాలదు. ఇందుకు కారణములు మూడు. మొదటిది, పెట్టెకు పూసిన రంగు. రంగు పొర విద్యుత్తును అడ్డగించును. రెండవది, పెట్టె రంధ్రము పైపుకంటె పెద్దదైనప్పుడు వాడు పలుచని వాషర్లు; అవి వదులై, అంచుమాత్రమే తాకుచుండును. మూడవది, తుప్పు. వానకు, తేమకు మొదట లొంగునది మరలయే.

కావున సర్వీసు వైపు చెక్‌నట్టును మాత్రమే నమ్మరాదు. పైపునకు రంగు గీకి శుభ్రమైన చోట క్లాంపు బిగించి, ఆ క్లాంపు నుండి పెట్టె లోపలి ఎర్తు బోల్టు వరకు ముక్కలు కాని ఒక్కటే తీగెను, కొనలకు లగ్గులు వేసి, వాషరుతో బిగింపవలెను. అచ్చటినుండి ఆ తీగెయే ఎర్తు టెర్మినలునకును, ఎర్తు గొయ్యికిని పోవలెను. తీగెను పైపు చుట్టును మెలిపెట్టి వదలుట బాండింగు కాదు. చేతితో లాగిన కదలు ముడి ఏ ముడియైనను బాండింగు కాదు.

వంకరలు తిరుగు సాగుడు ఇనుప పైపును ఎర్తు త్రోవగా లెక్కింపరాదు. దాని చుట్లు వదలిన త్రోవ తెగును. అట్టిచోట లోపల ప్రత్యేకముగా ఎర్తు తీగె నడుపవలెను. నీటి గొట్టమును ఎర్తుగా నమ్ముటయు మానవలెను. పూర్వము ఇనుప గొట్టములుండెను; నేడు నడుమ నొక ప్లాస్టికు ముక్క చేరినను ఎర్తు తెగినట్లే.

పని ముగిసిన పిమ్మట ఎర్తు గొయ్యి వద్దనుండి వైరింగులోని ఏ లోహపు భాగము వరకైనను కొలిచినచో ఎర్తు త్రోవ నిరోధము ఒక్క ఓమునకు మించరాదని వైరింగు పద్ధతులు చెప్పుచున్నవి. ఇది గొయ్యి నిరోధము కాదు. లోహపు త్రోవ నిరోధము. ఈ రెండింటిని వేర్వేరుగా కొలిచి చూపుమని పనివానిని అడుగుడు. గొయ్యిని రోహిణి కార్తె యెండలలో కొలుచుట మంచిది. నేల యెండిన కాలమున సరిపోయిన గొయ్యి వానకాలమున తప్పక సరిపోవును. వానకాలమున కొలిచినది వేసవికి సరిపోకపోవచ్చును.

నిబంధన లేమి చెప్పుచున్నవి

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు, సరఫరా ఆరంభమగు చోట వినియోగదారునకు అందుబాటుగా ఎర్తు టెర్మినలును ఏర్పరచి కాపాడవలసిన బాధ్యతను సరఫరాదారునిపై నుంచినవి. 2003 నాటి విద్యుత్ చట్టము ననుసరించి 2010 లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వెలువరించిన రక్షణ నిబంధనలు ఆ సూత్రమునే నిలుపుకొన్నవి. 2023 లో వాని స్థానమున మరల నూతన నిబంధనలు వచ్చినవి. వినియోగదారుని వైరింగులో ఎర్తును కాపాడుకొనుట వినియోగదారుని బాధ్యత. పంచాయతీ కార్యాలయమునకు, మంచినీటి పంపు గదికి, వీధి దీపములకు వినియోగదారుడు పంచాయతీయే. 250 వోల్టులకు మించిన, అనగా మూడు ఫేజుల మోటారు చట్రమునకు రెండు వేర్వేరు ఎర్తు తీగె లుండవలెననియు నిబంధన కలదు. ఇట్టి వైరింగు పనులు లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే చేయింపవలెను.

ఈ జాగ్రత్త మన దేశమునకు మాత్రమే సంబంధించినది కాదు. అమెరికా దేశమున 1897 లో మొదట ప్రకటింపబడి, నేడు మూడేండ్ల కొకసారి సవరింపబడుచుండు విద్యుత్ నియమావళిలో, సర్వీసు వద్దనుండు లోహపు గొట్టముల బాండింగునకు ప్రత్యేక నియమము కలదు. సర్వీసు వైపు సామాన్యపు చెక్‌నట్టు లొక్కటియే చాలవనియు, మరలతో బిగియు గట్టి హబ్బు గాని, బాండింగు బుష్షు, దానినుండి పెట్టెకు తీగె గాని ఉండవలెననియు ఆ నియమము శాసించుచున్నది. అచ్చటి పెట్టెలలో పలుచని రేకు వలయములను ఊడగొట్టి రంధ్రములు చేయుదురు; మిగిలిన వలయములను నమ్మక వానిని దాటి తీగె వేయుమందురు. కారణము మన పల్లెలో చెప్పుకొన్నదే: ఆ భాగమునకు ఇంటి ఫ్యూజు కాపలా లేదు.

ఒక్క భేదమును మాత్రము మరువరాదు. ఆ దేశమున న్యూట్రలును సర్వీసు పెట్టె వద్దనే ఎర్తుతో కలుపుట పద్ధతి. మన పల్లెలలో వినియోగదారుడు తనంతట న్యూట్రలు తీగెను పైపునకు గాని, ఎర్తునకు గాని కలుపరాదు. వీధిలో ఎక్కడనైన న్యూట్రలు తెగినచో, అట్లు కలిపిన యింటి ఇనుప భాగము లన్నింటికిని ఫేజు ఒత్తిడి సోకును. ఎర్తు టెర్మినలును ఏర్పరచుట విద్యుత్ సంస్థవారి పని; దానిని అడిగి సాధించుట మన పని.

ప్రాణరక్షణ స్విచ్చి చాలదా?

ముప్పది మిల్లీ ఆంపియరుల కరెంటు భూమిలోనికి జారినంతనే లైనును తెంపు స్విచ్చులు నేడు లభించుచున్నవి. వానిని ఆర్‌.సి.సి.బి. అందురు. పంచాయతీ కార్యాలయములో, పాఠశాలలో, అంగన్‌వాడీలో వానిని తప్పక పెట్టింపుడు. గోడలోని తీగె చెడినను, పంకా చట్రమునకు విద్యుత్తు సోకినను అవి ప్రాణము కాపాడును. కాని అవియు మెయిను స్విచ్చి ప్రక్కనే యుండును. వానికి ఎగువనున్న సర్వీసు పైపును అవి చూడజాలవు. కావున ఆ స్విచ్చి యున్నదని సర్వీసు పైపును మరువరాదు.

సర్వీసు పైపునకు అన్నిటికంటె మేలైన రక్షణ మరియొకటి కలదు. క్రొత్త సర్వీసు తీసికొనునప్పుడు, విద్యుత్ సంస్థవారు అంగీకరించిన చోట, ఇనుప పైపునకు బదులు మందమైన పి.వి.సి. పైపును వాడుట. విద్యుత్తు సోకని గొట్టమునకు బాండింగు అక్కరలేదు. ఎత్తు కొరకు ఇనుప పైపు తప్పనిచోట దాని లోపల పి.వి.సి. గొట్టమును దూర్చి, నోటికి నున్నని బుష్షు వేసి, నోరు క్రిందికి వంచి, ముడిలేని తీగె నడిపి, పైపునకు బాండింగు చేయింపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీ రాజ్ చట్టమును, తెలంగాణమున 2018 నాటి పంచాయతీ రాజ్ చట్టమును వీధి దీపములను పంచాయతీల బాధ్యతలలో చేర్చినవి. ఆ బాధ్యత బల్బులు మార్చుటతో తీరదు. ప్రతి సంవత్సరము మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందే ఈ క్రింది పనులు ముగించుట మేలు.

1. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీ, పంపు గది, వీధి దీపముల స్విచ్చి పెట్టె — వీని జాబితా వ్రాయుడు. ఒక్కొక్కదాని యెదుట సర్వీసు పైపు ఇనుపదా, పి.వి.సి. దా, బాండింగు తీగె కలదా, ఎర్తు గొయ్యి కొలత యెంత, కొలిచిన తేదీ యేది — ఈ నాలుగు గడులు నింపుడు.

2. ఎర్తు టెర్మినలు లేని సర్వీసుల పట్టికను తీర్మానముతో జతపరచి, విద్యుత్ సంస్థవారి సెక్షను కార్యాలయమునకు వ్రాతమూలకముగా పంపి, రశీదు తీసికొనుడు. నోటిమాట కంటె తీర్మానమునకు బలమెక్కువ.

3. లైసెన్సు గల పనివానిచే పైపు క్లాంపులు, బాండింగు తీగెలు, పైపు నోటి బుష్షులు పరీక్షింపజేయుడు. ఈ పనిలో సభ్యులు స్వయముగా చేయి పెట్టరాదు. ఎగువ తీగెలో కరెంటు నిలిచియుండునని మరువవలదు. తీగె నంటవలసిన పని యున్నచో లైనుమానుచే లైను ఆపించిన పిమ్మటనే జరుగవలెను.

4. ఇనుప వీధి దీప స్తంభములకు ఎర్తు తీగె తెగకుండ ఉన్నదో లేదో చూడుడు. తెగిన తీగెను గూర్చి ఆనాడే తెలుపుడు.

5. గ్రామసభలో దండెముల మాట నెత్తుడు. సర్వీసు పైపునకు గాని, స్తంభమునకు గాని, దాని స్టే తీగెకు గాని దండెము కట్టరాదు, పశువును కట్టరాదు. దండెమునకు లోహపు తీగె బదులు నూలు లేక నైలాను త్రాడు వాడుమని చెప్పుడు. దండెమునకు రెండు కర్రలు పాతుకొనుటకు తగిన తావులేని పేద యిండ్లవారికి, ఆ రెండు కర్రలను పంచాయతీయే పాతించుట చిన్న వ్యయము, పెద్ద పుణ్యము.

6. పైపును, పంపును తాకిన చిమచిమలాడుచున్నదని యెవరైనను చెప్పినచో నవ్వి వదలరాదు. ఆ చిమచిమయే తొలి హెచ్చరిక. వెంటనే ఆ చోటికి ఎవరును పోకుండ కాపలా యుంచి, 1912 కు ఫోను చేసి తెలుపవలెను.

ప్రమాదము జరిగినచో

ఎవరైనను సర్వీసు పైపును గాని, దానికి కట్టిన దండెమును గాని పట్టుకొని విద్యుద్ఘాతమున చిక్కుకొన్నప్పుడు, చూచినవారు మొదట పరుగెత్తునది మెయిను స్విచ్చి వద్దకు. ఈ ప్రమాదమున మాత్రము ఆ స్విచ్చి పనికిరాదు. పైపు దానికి ఎగువన నున్నదని ఇంతకుముందే చెప్పుకొన్నాము. ఈ భేదము తెలియక, స్విచ్చి ఆపితిమి గదా యను ధైర్యముతో చిక్కినవానిని చేతితో పట్టి లాగబోయి, రెండవవాడును, మూడవవాడును చిక్కుకొను ప్రమాదము కలదు.

అట్టి సమయమున ఎండిన చెక్క మీద గాని, ఎండిన మందపు గోనెల మీద గాని నిలిచి, ఎండిన పొడుగు కర్రతో మనిషిని పైపునుండి త్రోసి విడిపింపవలెను. లోహమును గాని, పచ్చి కొమ్మను గాని, తడి గుడ్డను గాని వాడరాదు. అదే సమయమున మరియొకరు లైనుమానునకో, సబ్‌స్టేషనునకో, 1912 కో ఫోను చేసి లైను ఆపింపవలెను. ట్రాన్సుఫార్మరు గద్దె నెవరును ఎక్కరాదు. విడిపించిన పిమ్మట శ్వాస లేనిచో ఱొమ్ము నడుమ రెండు అరచేతులుంచి నిమిషమునకు 100 నుండి 120 సారులు గట్టిగా నొక్కుచు, 108 బండి వచ్చువరకు ఆపకుండవలెను. లైనుమాను ఫోను సంఖ్యను పంచాయతీ కార్యాలయ గోడమీదను, పాఠశాల గోడమీదను పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

ముగింపు

పై చెప్పిన విషయమును ఒక్క వాక్యములో కుదించినచో నిట్లుండును: మెయిను స్విచ్చికి దిగువనున్న తీగెలకు ఫ్యూజు కాపలా, ఎగువనున్న సర్వీసు పైపునకు చెడని తొడుగు, తెగని లోహబంధము కాపలా. మొదటి కాపలాదారుడు తన పని తానే చేసికొనును. రెండవ కాపలాను మనుష్యులే నిలుపవలెను, ఏటేట పరీక్షింపవలెను.

ఒక క్లాంపు, రెండు లగ్గులు, కొన్ని మీటరుల తీగె, ఒక పూట పని — ఒక్కొక్క సర్వీసునకు కావలసిన దింతే. పంచాయతీ నిధులలో ఇంతకంటె చౌకగా ఇంతకంటె విలువైన దానిని కొనుట కష్టము. రాబోవు సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చి, పంచాయతీ కార్యాలయపు సర్వీసు పైపుతోనే పరీక్ష నారంభింతురని, తమ కట్టడమును సరిచేసికొన్న పిమ్మట గ్రామస్థుల యిండ్లకును ఆ మాటను చేరవేయుదురని మేము ఆశించుచున్నాము.